ఇంచు ఎక్కడ కొలత, ఎక్కడ పేరు

(వార్షిక సమావేశంలో సైట్ పనివాళ్ల కోసం చేసిన ప్రసంగం)

వారానికి ఒక్క శుక్రవారమే మనకు సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, సామాను తెచ్చుకోవాలి, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేసుకోవాలి. ఇన్ని పనులు పెట్టుకుని లెక్కలు వినడానికి ఇంతమంది కూర్చున్నారు. కాబట్టి ఎక్కువ విసిగించను. అర్థం కాకపోతే మధ్యలోనే ఆపి అడగండి.

నాకిచ్చిన విషయం ఇంచులను మీటర్లలోకి మార్చడం. బడిలో ఏడో క్లాసు పిల్లవాడు చేసే గుణకారం ఇది. కానీ ట్రేడ్ టెస్టులో చేతిపని బాగా వచ్చిన ఫిట్టర్ కూడా తడబడేది ఇక్కడే. నెలాఖరున షీటు దగ్గర గొడవ వచ్చేదీ ఇక్కడే. గుణకారం రాక కాదు. ఏ ఇంచును గుణించాలి, ఏ ఇంచును ముట్టుకోకూడదు అన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు కాబట్టి.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. మన దేశంలో 1956లోనే చట్టం చేసి మీటరు, కిలో పద్ధతి తెచ్చారు. ఈ గల్ఫ్ దేశాల్లోనూ సర్కారు కొలత మీటరే. మరి సైట్‌లో పొద్దున లేస్తే "రెండించుల వాల్వు, ఆరించుల ఫ్లాంజి" అని ఎందుకు వింటున్నాం? బహ్రెయిన్‌లో 1932లో, సౌదీలోనూ కువైట్‌లోనూ 1938లో చమురు పడింది. పని మొదలుపెట్టినవి అమెరికా, బ్రిటన్ కంపెనీలు. వాళ్ల పైపులు, వాల్వులు, బోల్టులు అన్నీ ఇంచుల్లోనే ఉండేవి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. అందుకే మన చేతికొచ్చే ఐసోమెట్రిక్ డ్రాయింగ్‌లో ఒకే లైను మీద పైపు సైజు ఇంచుల్లో ఉంటుంది, పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది. రెండు భాషలు ఒకే కాగితం మీద అన్నమాట.

ఇక లెక్క. ఒక ఇంచు అంటే 25.4 మిల్లీమీటర్లు. సుమారుగా కాదు, సరిగ్గా అంతే. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కూర్చుని గజం అంటే 0.9144 మీటర్లు అని ఒప్పుకున్నాయి. గజానికి 36 ఇంచులు. భాగిస్తే ఇంచు 0.0254 మీటరు వస్తుంది. అంతకుముందు అమెరికా ఇంచుకు, ఇంగ్లండ్ ఇంచుకు కంటికి ఆనని తేడా ఒకటి ఉండేది, ఆ రోజుతో అదీ పోయింది.

నోటి లెక్కకు నేను చెప్పేది ఒకటే: పది ఇంచులు 254 మిల్లీమీటర్లు. ఇది గుర్తుంటే మిగతాది దానంతట అదే వస్తుంది. 73 ఇంచులు ఎంత? డెబ్భైకి 254 ఏడుసార్లు, 1778. మిగిలిన మూడింటికి 76.2. కలిపితే 1854.2 మిల్లీమీటర్లు, అంటే 1.854 మీటర్లు. సరిచూసుకోవడానికి ఇంకో గుర్తు: 40 ఇంచులు మీటరు మీద 16 మిల్లీమీటర్లు. 80 అయితే రెండు మీటర్ల మీద 32. 73 అన్నది ఎనభైకి కాస్త తక్కువ కదా, జవాబు రెండు మీటర్లకు కాస్త తక్కువే రావాలి. వచ్చింది. ఎవరైనా 0.0254 బదులు 0.254 కొడితే 18.54 మీటర్లు వస్తుంది. ఆరడుగుల మనిషి ఆరంతస్తుల బిల్డింగంత అయ్యాడన్నమాట. కాలిక్యులేటర్‌కు సిగ్గుండదు, అది ఏదైనా చూపిస్తుంది. చూసుకోవాల్సింది మనమే.

కొందరు 25తో గుణించి "సరిపోతుందిలే" అంటారు. రెండు మూడు ఇంచులకు సరిపోతుంది. ఇరవై అడుగులు, అంటే 240 ఇంచులు, 25తో అయితే 6000, 25.4తో అయితే 6096. తేడా 96 మిల్లీమీటర్లు. నా బెత్తెడు కన్నా ఎక్కువ. ఆ తేడా పైపులో వచ్చినా, దర్వాజాలో వచ్చినా కప్పిపుచ్చలేం.

ముక్క ఇంచుల దగ్గర జాగ్రత్త. టేపు మీద ఇంచుకు పదహారు గీతలుంటాయి. ఏడు ఇంచుల మూడు బై ఎనిమిది అంటే 7.3 కాదు, 7.38 అన్నా పూర్తిగా సరి కాదు. మూడును ఎనిమిదితో భాగిస్తే 0.375. కాబట్టి 7.375ను 25.4తో గుణించాలి. 187.3 మిల్లీమీటర్లు వస్తుంది. మన దగ్గర వడ్రంగులు, సెంట్రింగ్ వాళ్లు ఇంచును ఎనిమిది భాగాలు చేసి సూతు అంటారు, కొన్ని చోట్ల నూలు అంటారు. ఒక సూతు 3.175 మిల్లీమీటర్లు. అందుకే 10 ఎం.ఎం. రాడ్డును మూడు సూతులదని, 12 ఎం.ఎం. రాడ్డును నాలుగు సూతులదని పిలుస్తాం. అది దగ్గరి మాట, లెక్క కాదు. మూడు సూతులు గుణిస్తే 9.5, నాలుగు గుణిస్తే 12.7. ఇక్కడ రాడ్డు ఆర్డరిచ్చేటప్పుడు సూతుల్లో ఆలోచించకండి.

ఇప్పుడు అడుగుల సంగతి. మెడికల్‌కు పోయినప్పుడు ఎత్తు సెంటీమీటర్లలో అడుగుతారు. ఐదడుగుల పది ఇంచుల మనిషి ఫోన్‌లో 5.10 అని కొడతాడు. ఫోన్‌కు 5.10 అన్నా 5.1 అన్నా ఒకటే. 30.48తో గుణించి 155 సెంటీమీటర్లు అని చూపిస్తుంది. అసలు ఎత్తు 70 ఇంచులు, అంటే 178. ఇరవైమూడు సెంటీమీటర్ల పొట్టివాడయ్యాడు! అడుగులను ముందు పన్నెండుతో గుణించి ఇంచులు చేయండి, విడి ఇంచులు కలపండి, తర్వాతే మార్చండి. ఇలాంటిదే మీటర్ల వైపు కూడా ఒకటుంది. ఒక మీటరు 85 మిల్లీమీటర్లు అంటే 1.85 కాదు, 1.085. సూపర్‌వైజర్ నోటితో చెప్పిన కొలతను కాగితం మీద పెట్టేటప్పుడు ఈ సున్నా జారిపోతూ ఉంటుంది. అందుకే నా సలహా, సైట్‌లో మీటర్లు వద్దు, మొత్తం మిల్లీమీటర్లలోనే రాసుకోండి. 1085 అని రాస్తే చుక్క గొడవే ఉండదు.

అన్నిటికన్నా మంచి పద్ధతి అసలు మార్చకపోవడం. డ్రాయింగ్‌లో పొడవు మిల్లీమీటర్లలో ఉంటే టేపులో మిల్లీమీటర్ల వైపే చదవండి. ఇంచుల్లో చదివి, తలలో మార్చి, మళ్లీ గీత పెట్టడం దేనికి? టేపు కొనేటప్పుడు రెండు వైపులా గీతలున్నది కొనుక్కోండి. టేపు కొక్కెం కదులుతోందని కొత్త కుర్రాళ్లు సుత్తితో కొట్టి బిగిస్తుంటారు. కొట్టకండి. లోపలి కొలతకు, బయటి కొలతకు దాని మందం సరిపోవాలనే అలా వదులుగా పెడతారు.

మీటరు సంగతి వచ్చింది కాబట్టి ఇంటి ముచ్చట ఒకటి చెప్పి మళ్లీ సైట్‌కు వస్తాను. మనం ఇక్కడ చెమటోడ్చేది చాలామందికి ఊళ్లో ఒక ప్లాటు కోసం. ప్లాటు గజాల్లో మాట్లాడుకుంటాం, రిజిస్ట్రేషన్ కాగితంలో గజాలతో పాటు చదరపు మీటర్లు కూడా రాస్తారు. అది కాపీ వాట్సాప్‌లో వస్తుంది. 200 గజాల ప్లాటు ఎన్ని చదరపు మీటర్లు? 0.9144తో ఒకసారి గుణిస్తే 182.9 వస్తుంది. అది తప్పు. గజం పొడవూ మారాలి, వెడల్పూ మారాలి, కాబట్టి రెండుసార్లు గుణించాలి. చదరపు గజం అంటే 0.8361 చదరపు మీటరు. 200 గజాలు 167.2 చదరపు మీటర్లు. కాగితంలో 167.2 అని చూసి "పదిహేను మీటర్లు కొట్టేశాడు" అని తమ్ముడి మీద, మధ్యవర్తి మీద ఫోన్‌లో అరవకండి. అదే కాగితంలో 200 గజాలని ఉండి, మీటర్లు 150 అని ఉంటే మాత్రం తప్పకుండా అడగండి. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. ఆ లెక్క కూడా ఇక్కడి నుంచే సరిచూసుకోవచ్చు, ఊరికి పోవాల్సిన పని లేదు.

సరే, పైపు దగ్గరికి వద్దాం.

ఒక సైట్‌లో స్లాబుల్లో ఆరించుల లైను కోసం 160 ఎం.ఎం. హోల్స్ కొట్టించారు. ఆరును 25.4తో గుణించారు, 152.4 వచ్చింది, చుట్టూ కాస్త ఖాళీ ఉండాలని 160 పెట్టారు. లెక్కలో తప్పేమీ లేదు. పైపు తెచ్చి దింపితే దిగలేదు.

"ఆరించుల పైపుకు ఆరించుల కన్నా పెద్ద హోలే కదన్నా పెట్టినం?" అన్నాడు కుర్రాడు.

"పెట్టినవు తమ్మీ, కాని ఆ పైపు ఆరించులు లేదు కదా" అన్నాడు ఫోర్‌మన్.

టేపు పెట్టి చూస్తే బయటి డయా 168.3 మిల్లీమీటర్లు. ఆరించుల స్టీలు పైపు మామూలుగా 168.3. సగం ఇంచు పైపు 21.3. ఒకటించుది 33.4, రెండించులది 60.3, మూడించులది 88.9, నాలుగించులది 114.3, ఎనిమిదించులది 219.1. వీటిలో ఏదీ 25.4తో గుణిస్తే రాదు. వెనకటి రోజుల్లో ఆ ఇంచు పైపు లోపలి డయాకు దగ్గరగా ఉండేది. గోడ మందంగా ఉండేది. తర్వాత ఉక్కు మెరుగై గోడ పలచన చేయగలిగారు. కానీ బయటి కొలత మారిస్తే అప్పటికే ఉన్న ఫిట్టింగులు, మరలు పట్టవు. అందుకని బయట అలాగే ఉంచి లోపల పెంచారు. ఆరించుల షెడ్యూల్ 40 పైపు లోపల 154 మిల్లీమీటర్లు, షెడ్యూల్ 80 అయితే 146. రెంటికీ బయట మాత్రం 168.3. కాబట్టి ఇక్కడ ఆరు అన్నది కొలత కాదు, పేరు. మన ఊళ్లో పెద్ద చెరువు అని పేరుంటుంది, నీళ్లెన్నో పేరు చెప్పదు కదా, అట్లాగే. తమాషా ఏమిటంటే 14 ఇంచుల నుంచి పేరూ కొలతా ఒకటైపోతాయి. 14 ఇంచుల పైపు బయట సరిగ్గా 355.6, గుణించినా అంతే వస్తుంది.

డీఎన్ అని రాసిన డ్రాయింగులు కూడా వస్తాయి. రెండించులకు డీఎన్ 50, మూడించులకు డీఎన్ 80, నాలుగుకు 100, ఆరుకు 150. చూడటానికి మిల్లీమీటర్లలాగే ఉంటాయి, కానీ ఇవీ పేర్లే. మూడించులు గుణిస్తే 76.2, పేరు 80, టేపు పెడితే 88.9. మూడు అంకెలూ మూడు రకాలు. ఇవి గుణించి తెచ్చుకునేవి కావు, పట్టిక చూసి తెలుసుకునేవి.

ప్లంబింగ్ తమ్ముళ్లకు ఇంకో చిక్కు. డ్రైనేజీకి వాడే ప్లాస్టిక్ పైపు 110 ఎం.ఎం.ది. దాన్నీ నాలుగించుల పైపే అంటారు. అంటే నాలుగించులు అన్న మాటకు లెక్కలో 101.6, స్టీలు పైపులో 114.3, ప్లాస్టిక్‌లో 110. స్టోరుకు పోయి "నాలుగించుల క్లాంపు ఇవ్వండి" అంటే స్టోర్ కీపర్ తప్పు లేకుండానే తప్పు క్లాంపు చేతికొస్తుంది. పైపు దేనిదో చెప్పండి, బయటి డయా మిల్లీమీటర్లలో చెప్పండి.

ఏసీ పనిచేసే వాళ్లు ఇది విని భయపడక్కర్లేదు. ఏసీ రాగి ట్యూబులో ఇంచు నిజమైన ఇంచే. పావించు ట్యూబు బయట 6.35, అరించుది 12.7. అక్కడ గుణించండి, సరిపోతుంది. బోల్టుల్లోనూ ఇంచు నిజమే, కానీ మిల్లీమీటరు బోల్టుతో కలపకూడదు. అరించు బోల్టు 12.7, ఎం12 బోల్టు 12. చేతికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. అరించు నట్టు ఎం12 బోల్టుకు ఎక్కినట్టే ఉంటుంది, లోడు పడ్డప్పుడు జారుతుంది. మరలు కూడా వేరు. పానాల్లో ముప్పావు ఇంచు 19 ఎం.ఎం.తో బాగా కలుస్తుంది, 19.05 కాబట్టి.

ఫిట్టర్లకు అసలు లెక్క ఎల్బో దగ్గర. లాంగ్ రేడియస్ 90 డిగ్రీల ఎల్బోకు మధ్య నుంచి మొహం దాకా దూరం, పైపు పేరుకు ఒకటిన్నర రెట్లు. ఆరించుల ఎల్బోకు తొమ్మిది ఇంచులు. పైపు ఇంచు పేరే అయినా, ఈ తొమ్మిది ఇంచులు మాత్రం నిజమైన కొలత. గుణిస్తే 228.6, పట్టికలో 229 అని రాస్తారు. ఇప్పుడు రెండు ఎల్బోల మధ్య డ్రాయింగ్‌లో 2000 అని ఉంది, అది సెంటర్ నుంచి సెంటర్‌కు. పైపు ఎంత కోయాలి? 2000లోంచి రెండు 229లు, అంటే 458 తీయండి. 1542 మిగిలింది. రెండు జాయింట్లకు మూడేసి మిల్లీమీటర్ల రూట్ గ్యాప్, ఆరు తీయండి. 1536. అక్కడ గీత పెట్టాలి. తొమ్మిదిని 25తో గుణించిన మనిషికి 225 వస్తుంది, పైపు 1544 కోస్తాడు. ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ. అది గ్రైండ్ చేసి సరిచేసుకోవచ్చు, ఒక గంట పోతుంది. ఎండలో ఒక గంట అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అదే తక్కువ కోస్తే పైపు ముక్కే పోతుంది. ట్రేడ్ టెస్టులో ఇలాంటి లెక్కే ఇస్తారు. కట్ లెంగ్త్ చేసే ముందు ఎల్బో మొహానికి టేపు పెట్టి ఒకసారి చూడండి, షార్ట్ రేడియస్ ఎల్బో అయితే ఒకటిన్నర రెట్లు కాదు, ఒక్క రెట్టే.

ఇక ఆఖరుది, డబ్బుల సంగతి. వెల్డర్లకు, ఫాబ్రికేటర్లకు చాలాచోట్ల పని లెక్క ఇంచ్ డయాలో ఉంటుంది. ఆరించుల జాయింట్ ఒకటి వేస్తే ఆరు ఇంచ్ డయా. ఆరించులవి నాలుగు, రెండించులవి ఎనిమిది వేస్తే 24, 16 కలిపి 40. ఇక్కడ ఇంచు కొలత కాదు, పేరు కూడా కాదు, కూలి లెక్క. దీన్ని మీటర్లలోకి మార్చే పనే లేదు. పైపులైను పనిలో ఇంచ్ మీటర్ అని ఇంకోటుంది. ఎనిమిదించుల లైను 120 మీటర్లు వేస్తే 960 ఇంచ్ మీటర్లు. ఇంచూ మీటరూ కలిపి గుణించారని కంగారుపడి ఒకదాన్ని మార్చబోకండి. అది బిల్లు కోసం పెట్టుకున్న లెక్క, అంతే.

ఒకచోట ఏం జరిగిందంటే, కొత్తగా వచ్చిన క్లర్క్ డ్రాయింగ్‌లో డీఎన్ 150 చూసి, దాన్ని 25.4తో భాగించి 5.9 ఇంచులని కంప్యూటర్‌లో పెట్టాడు. మోసం చేయాలని కాదు, పాపం గుణకారం, భాగహారం బాగా వచ్చినవాడే. కానీ ఆ నెల 50 జాయింట్లు వేసిన వెల్డర్‌కు 300 ఇంచ్ డయా రావాల్సింది 295 వచ్చింది. అయిదు ఇంచ్ డయా పోయింది. ఒక మనిషికి చిన్న మొత్తమే. గ్యాంగులో ఇరవైమంది, ఏడాదికి పన్నెండు నెలలు అనుకుంటే చిన్నది కాదు. పట్టుకున్నది ఎవరంటే, జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని జాయింట్ నంబరు, సైజు రాసుకున్న ఒక వెల్డర్. పుస్తకం తీసి "ఆరించుల జాయింట్లు యాభై, ఆరు యాభైలు ఎంత సార్?" అని అడిగాడట. వాదన అక్కడితో అయిపోయింది. సరిచేశారు.

కాబట్టి పుస్తకం పెట్టుకోండి. రోజుకు ఒక పేజీ. తేదీ, డ్రాయింగ్ నంబరు, జాయింట్ నంబరు, పైపు సైజు ఇంచుల్లో, షెడ్యూల్. షెడ్యూల్ ఎందుకంటే మందం పైపుకు కొన్ని కంపెనీలు ఎక్కువ లెక్క కడతాయి. మీ ఒప్పందంలో ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. రిఫైనరీ లోపల ఫోన్ కెమెరాతో ఫొటో తీయకండి, అది వేరే కేసవుతుంది. పెన్నూ కాగితం చాలు. సాయంత్రం సూపర్‌వైజర్ సంతకం పెట్టేటప్పుడు మీ అంకె, ఆయన అంకె ఒకటో కాదో ఆ నిమిషంలోనే చూసుకోండి, నెలాఖరు దాకా ఆగకండి. షీటులో డీఎన్ అని ఉంటే పక్కన ఇంచు సైజు కూడా రాయించండి. పైపు సైజుల పట్టిక ఒకటి నేను తెచ్చాను, సగం ఇంచు నుంచి 24 ఇంచుల దాకా, మూడు వరుసల్లో: పేరు, డీఎన్, బయటి డయా మిల్లీమీటర్లలో. తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను, పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. హెల్మెట్ లోపల పెట్టుకుంటే చెమటకు తడిసిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.